హెచ్‌ఎంవి 102 పాటల పెట్టె: కొనేముందు కీ తిప్పి చూడండి

తిరుపతిలో పాతసామాన్ల అంగట్లో గ్రామఫోను అడిగితే రెండు రకాలు చూపిస్తారు. ఒకటి ఇత్తడి బూర ఉన్నది. ముందు వరసలో, దీపపు సెమ్మెల పక్కన తళతళలాడుతూ ఉంటుంది. రెండోది నల్ల రెక్సిను చుట్టిన సూట్‌కేసు. ఏ బీరువా కిందో దుమ్ము కొట్టుకుని పడి ఉంటుంది. ఫోటోలు మొదటిదానికి తీస్తారు, బేరమూ దానికే ఆడతారు. కొనాల్సింది మాత్రం రెండోది. ఈ సమీక్ష దాని గురించే, అంటే హెచ్‌ఎంవి (హిజ్ మాస్టర్స్ వాయిస్) కంపెనీ 102 మోడలు గురించి.

బూర సంగతి ముందే తేల్చేద్దాం. ఇప్పుడు అమ్ముతున్న ఇత్తడి బూర పెట్టెల్లో చాలా మటుకు ఇంటి అలంకారానికి ఈమధ్య చేసినవే. కుక్క బొమ్మ రేకు కొత్తగా అతికించి ఉంటుంది, చెక్క మీద పాలిష్ వాసన ఇంకా పోయి ఉండదు. తిరగేసి చూస్తే ప్లస్ గుర్తు స్క్రూలు కనబడతాయి. ఆ కాలపు పెట్టెలకు ఒంటి గాటు స్క్రూలే ఉండేవి. పైగా దాన్ని "యుద్ధం నాటిది సార్" అని అమ్మడం మరీ విడ్డూరం. బయటికి బూర పెట్టిన గ్రామఫోను మోజు రెండో ప్రపంచ యుద్ధం రాకముందే తగ్గిపోయింది. 1940లలో ఇళ్లలో పాడినవి బూరను పొట్టలో దాచుకున్న పెట్టెలే.

హెచ్‌ఎంవి 102 వచ్చింది 1931లో. యుద్ధం వచ్చి వెళ్లాక, 1950లలో కూడా తయారవుతూనే ఉంది. చేత్తో పట్టుకుపోయే గ్రామఫోన్లలో ఇంతకంటే బాగా పాడేది అరుదు. రూపం మామూలు సూట్‌కేసే. మూత ఎత్తితే పది అంగుళాల పళ్లెం, వంపు తిరిగిన లోహపు చెయ్యి, దాని కొసన సౌండ్ బాక్సు, మూలన ముళ్లు (రికార్డు గాడిలో నడిచే ఉక్కు సూదులు) వేసుకునే చిన్న గిన్నె. కీ కడ్డీ లోపలే తగిలించుకునే ఏర్పాటు ఉంది. ధ్వని వెనకవైపు కంతలోంచి వచ్చి, ఎత్తిన మూతకు తగిలి మన మీదికి తిరుగుతుంది. అంటే మూత ఒట్టి మూత కాదు, అది కూడా బూరలో భాగమే. మూత ఊడిపోయిన పెట్టెను "మూత ఎందుకులెండి, పాట ముఖ్యం" అని అంటగట్టబోతే నమస్కారం పెట్టి వచ్చేయండి.

యుద్ధకాలంలో ఈ పెట్టె విలువేంటో తెలియాలంటే అప్పటి కటకట గుర్తు తెచ్చుకోవాలి. తిరుపతి ఉన్న చిత్తూరు జిల్లా అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది. మద్రాసు రేడియో కేంద్రం 1938 జూన్ 16న మొదలైంది. అయితే రేడియో వినాలంటే కరెంటు ఉండాలి, లేకపోతే బ్యాటరీలు కొనాలి. రెండిటిలో ఏది ఉన్నా పోస్టాఫీసులో లైసెన్సు కట్టాల్సిందే. కిరసనాయిలు నుంచి బియ్యం, గుడ్డ దాకా అన్నిటికీ కంట్రోలు. సినిమా రీలుకు కూడా కోతే, బొమ్మ నిడివి 11,000 అడుగులు దాటకూడదన్నారు, అంటే రెండు గంటలకు ఇంచుమించు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు పడ్డాక మద్రాసు జనం మూటాముల్లె సర్దుకుని లోపలి ఊళ్లకు వచ్చేశారు. అలాంటి రోజుల్లో సామాన్ల మధ్య పట్టేసి, ఏ పల్లెలో దింపితే ఆ పల్లెలో పాడే వస్తువు ఇదొక్కటే. దీనికి కరెంటు, కిరసనాయిలు, బ్యాటరీ, లైసెన్సు ఏదీ అక్కర్లేదు. అడిగేది ముల్లు ఒక్కటి. ఆ ముల్లు దగ్గరే అసలు ఖర్చు, తలనొప్పి కూడా. దాని సంగతి తర్వాత.

యుద్ధం అయ్యాక కూడా దీని అవసరం తీరలేదు. 1950ల మొదట్లో ఆకాశవాణి సినిమా పాటల్ని పక్కన పెట్టింది. జనం రేడియో సిలోన్ వైపు తిరిగారు. 1957 అక్టోబర్ 3న వివిధ భారతి మొదలయ్యేదాకా, నచ్చిన సినిమా పాట నచ్చిన వేళకు వినాలంటే ప్లేటు (గ్రామఫోను రికార్డు) కొనుక్కోవడమే గతి.

ఇక కొనే పని. అంగడికి వెళ్లేటప్పుడు మూడు వస్తువులు పట్టుకెళ్లండి: పగులు లేని ఒక 78 ప్లేటు, పది కొత్త ముళ్లు, చిన్న టార్చి. అంగడాయన దగ్గర ఉన్న ముల్లుతో పాట వినిపిస్తానంటే ఒప్పుకోవద్దు. ఆ ముల్లు ఎన్నాళ్లుగా అక్కడే ఉందో ఆయనకే తెలియదు.

ముందు కీ. నెమ్మదిగా తిప్పండి. చేతికి గట్టిగా ఎదురు తగిలేదాకా తిప్పి ఆపాలి, ఆ పైన బలం పెట్టకూడదు. ఎంత తిప్పినా బిగువు రాకుండా వదులుగా తిరుగుతుంటే స్ప్రింగు తెగింది, లేదా లోపలి కొక్కెం ఊడింది. ఇప్పుడు బ్రేకు వదలండి. పళ్లెం చప్పుడు లేకుండా తిరగాలి. మధ్య మధ్య స్ప్రింగు డబ్బాలోంచి "దబ్" మని శబ్దం వస్తే భయపడి వదిలెయ్యక్కర్లేదు. స్ప్రింగు మధ్య పూసిన పాత గ్రీజు గట్టిపడి, చుట్లు ఒకదానికొకటి అంటుకుని, ఉన్నట్టుండి విడిపోతున్నాయి. విప్పి కడిగి కొత్త గ్రాఫైట్ గ్రీజు పెడితే పోతుంది. ఆ చప్పుడు వినగానే కనీసం సర్వీసు ఖర్చు మందం బేరం తగ్గించండి. అదే చప్పుడును "అప్పటి మిషన్లు అంతే సార్" అని దాటవేసేవాళ్లున్నారు. అంతే కాదు.

తర్వాత వేగం. 78 అంటే నిమిషానికి 78 చుట్లు. ప్లేటు అంచున చిన్న కాయితం ముక్క పెట్టి, ముల్లు గాడిలో ఉండగానే అర నిమిషం లెక్కపెట్టండి, 39 చుట్లు రావాలి. ముల్లు దించకుండా ఉత్త పళ్లెం తిప్పి లెక్కపెడితే ఉపయోగం లేదు, బరువు పడ్డాకే అసలు సంగతి బయటపడుతుంది. పాట మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి లెక్కపెట్టాలి. మొదట 78 ఉండి చివరికి 74కు పడిపోతే పాట దాదాపు ఒక స్వరస్థానం కిందికి జారినట్టే, రెండు శ్రుతిలో ఎత్తుకున్న కృతి ఒకటిన్నరలో ముగుస్తుంది. సంగీతం తెలిసినవాళ్లు ఒక్క చరణం వినలేరు. ఇలా జారడానికి కారణం అలిసిన స్ప్రింగు కావచ్చు, ఎండిన గ్రీజు కావచ్చు. గ్రీజయితే సర్వీసుతో సరిపోతుంది, స్ప్రింగయితే మార్చాలి. వేగం ఎక్కువ తక్కువలుగా ఊగుతుంటే తప్పు స్ప్రింగుది కాదు, గవర్నరుది. మూడు చిన్న బరువులు సన్నటి రేకుల మీద గిర్రున తిరుగుతూ వేగాన్ని పట్టి ఉంచే భాగం అది. ఒక రేకు విరిగినా, స్క్రూ వదులైనా పాట ఊయలూగుతుంది. దాని బిళ్లకు ఒరుసుకునే మెత్త ఎండిపోతే కీచుమంటుంది.

ఈ గవర్నరుకు కుట్టుమిషను నూనె ఒక్క చుక్క చాలు. మన ఇళ్లలో తలుపు బందుకైనా తాళానికైనా కొబ్బరినూనె రాసే అలవాటు ఉంది కదా, ఈ పెట్టెలకూ అదే రాసి పాడుచేశారు. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. తిరుపతి మేలో బాగానే తిరిగిన పెట్టె ధనుర్మాసం తెల్లవారుజామున మొరాయించేది అందుకే. వేరుశనగ నూనె ఇంకా అన్యాయం, ఏళ్లు గడిచేకొద్దీ బంకగా మారి పళ్లచక్రాలను పట్టేస్తుంది. మోటారు మీద గోధుమరంగు జిగురు కనిపిస్తే ఎవరో ఇంటి నూనె పోశారని లెక్క. కిరసనాయిలుతో కడిగితే వదులుతుంది గానీ ఓపిక కావాలి.

ఒక హెచ్చరిక. స్ప్రింగు ఉండే గుండ్రటి డబ్బాను ఇంట్లో విప్పకండి. కీ పూర్తిగా దిగిపోయినా లోపల స్ప్రింగు నొక్కుకునే ఉంటుంది. మూత తీయగానే మీటర్ల కొద్దీ ఉక్కు పట్టీ ఎగిరి వస్తుంది, వేళ్లు తెగుతాయి. మోటారును పెట్టెలోంచి బయటికి తియ్యాలన్నా ముందు పళ్లెం పూర్తిగా ఆగేదాకా తిరగనివ్వండి.

ఇక సౌండ్ బాక్సు. పెట్టెలో ప్రాణం ఉన్నది ఇక్కడే, అమ్మేవాళ్లు అసలు చూడనిదీ ఇదే. అగ్గిపెట్టెంత ఉంటుంది. ముల్లు కదలికను ఒక సన్నటి కడ్డీ పల్చటి అల్యూమినియం రేకుకు అందిస్తుంది, ఆ రేకు అదిరితే పాట. రేకు అంచు చుట్టూ రెండు పక్కలా రబ్బరు గొట్టం ఉంటుంది. మెత్తగా ఉండాల్సిన ఆ రబ్బరు 70, 80 ఏళ్లలో కట్టెలా తయారవుతుంది. మన ఎండలకు ఇంకా ముందే. టార్చి వేసి చూడండి. రబ్బరు అంచు కనిపిస్తే గోటితో నొక్కండి. గోరు దిగకపోతే రబ్బరు చచ్చింది. చచ్చిన రబ్బరుతో పాట రేకుడబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు గరగరమంటుంది. పెద్ద గొంతులు ఎత్తుకున్నచోట మరీ పగులుతుంది. "పాత రికార్డులు అలాగే ఉంటాయి" అనే మాట సగం ఈ రబ్బరు చలవే.

రబ్బరు మార్చడం అరగంట పని, కానీ చెయ్యి తెలిసినవాళ్లు చెయ్యాలి. సైకిలు వాల్‌ట్యూబు కోసి పెట్టి పంపించేవాళ్లూ ఉన్నారు. లావు సరిపోతే పనిచేస్తుంది. లావెక్కువైతే రేకు ఊపిరాడక పాట నోరు మూసుకుని పాడినట్టు వస్తుంది. రేకు నడిమధ్య కడ్డీ తగిలే చోట చిన్న మైనపు చుక్క ఉంటుంది. అది మురికి కాదు, గీకెయ్యకండి. గాలి దూరకుండా పెట్టిన తేనెమైనం. రాలిపోయి ఉంటే మళ్లీ ఒక్క చుక్క కరిగించి వెయ్యాలి. సౌండ్ బాక్సు వెనక భాగం, చెయ్యి మొదలు జింకు కలిపిన పోత లోహం కావచ్చు. ఈ లోహం ఏళ్ల మీద ఉబ్బి పగుళ్లిస్తుంది. వెంట్రుకంత పగులు కనబడినా దాన్ని బాగుచెయ్యలేం, వేరే భాగం వెతుక్కోవాలి. ఉబ్బిన సౌండ్ బాక్సును బలవంతంగా గ్రామఫోను చేతిలోంచి పీకితే రెండూ పోతాయి.

ఆటోమేటిక్ బ్రేకు ఉందని గొప్పగా చూపిస్తారు. నిజమే, పాట చివర ముల్లు లోపలి గాడిలోకి జారగానే పళ్లెం దానంతటదే ఆగుతుంది. ఆ చివరి గాడి లేని పాత ప్లేట్లకు ఆగదు, అది పెట్టె లోపం కాదు.

ఇప్పుడు ముల్లు. ఉక్కు ముల్లు ఒకటి ప్లేటు ఒక్క పక్కకే. తర్వాత పారెయ్యాలి. పిసినారితనం ఇక్కడ పనికిరాదు. పది అంగుళాల ప్లేటు ఒక పక్క మూడు నిమిషాలు పాడితే ముల్లు గాడిలో సుమారు 125 మీటర్లు రాసుకుంటూ పోతుంది, అదీ నూరు గ్రాములకు పైబడిన బరువు మోస్తూ. ప్లేటులో లక్కతో పాటు రాతిపొడి కలుపుతారు. ఆ గరుకు కావాలనే పెట్టారు. మొదటి చుట్లలోనే మెత్తటి ఉక్కు మొనను అరగదీసి గాడి ఆకారానికి తెస్తుంది. పక్క ముగిశాక ఆ ముల్లును భూతద్దం కింద పెట్టండి. కొత్త ముల్లు మొన ఆవగింజ కొసలా గుండ్రంగా మెరుస్తుంది. పాడిన ముల్లు రెండు పక్కలా చదునుగా కోసుకుపోయి ఉలి మొనలా ఉంటుంది. ఆ ఉలితో రెండో ప్లేటు పెడితే గాడిని చెక్కుతుంది. ప్లేట్ల మీద నల్లటి నిగనిగ పోయి బూడిదరంగు చార ఏర్పడేది ఇలాగే. ఆ చార పడిన పాట మళ్లీ రాదు.

ముళ్లు దొరకని రోజుల్లో పాతవాటిని సానరాయి మీద నూరుకోవడం, గుండుసూదులు బిగించడం ప్రతి ఊళ్లోనూ జరిగిన పనే. ఇప్పుడు ఇంట్లోంచి బయటపడుతున్న ప్లేట్లలో సగం అరిగిపోయి ఉండడానికి అది కూడా కారణం. ఈ రోజుల్లో మీరు ఆ పని చెయ్యడానికి ఏ సాకూ లేదు, కొత్త ముళ్లు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. లౌడ్, మీడియం, సాఫ్ట్ అని మూడు రకాలు. ఈ పెట్టెకు శబ్దం పెంచే తగ్గించే మర లేదు, ముల్లు లావే ఆ మర. చిన్న గదికి మీడియం చాలు. లౌడ్ ముల్లు పెడితే పక్క వాటాలోకి వినబడుతుంది. అరుదైన ప్లేటైతే సాఫ్ట్. ఎల్‌పీ ప్లేట్లు (తర్వాతి కాలపు ప్లాస్టిక్ రికార్డులు) మాత్రం పొరపాటున కూడా దీని మీద పెట్టవద్దు, ఒక్కసారికే గాడి దున్నేసినట్టవుతుంది.

ప్లేట్లు కొనేటప్పుడు కుండ కొన్నట్టే కొనాలి. నడిమి కంతలో వేలు పెట్టి వేలాడదీసి, అంచు మీద వేలి కణుపుతో తట్టండి. మంచి ప్లేటు ఖంగుమంటుంది. పగులుంటే జీరబోతుంది, కంటికి కనబడని పగులు కూడా ఇలా దొరుకుతుంది. యుద్ధం నాటి ప్లేట్లలో గరగర ఎక్కువుంటే తప్పంతా అరుగుదలది కాకపోవచ్చు. లక్కకు అప్పుడు యుద్ధపు పనుల్లో గిరాకీ. 1942 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వం ప్లేట్లకు వాడే లక్కలో 70 శాతం కోసేసింది. పాత ప్లేట్లు పొడిచేసి కొత్తవాటిలో కలపడం అప్పుడు మామూలైంది. ఆ ముద్ద నునుపుగా రాదు, పుట్టుకతోనే గరగర.

కడగడంలో జరిగే ఘోరం ఒకటి చెప్పాలి. స్పిరిటు, శానిటైజరు, కొలోన్ ఏదీ దగ్గరికి రానివ్వకండి. లక్క స్పిరిటులో కరుగుతుంది. వడ్రంగి పాలిష్ కట్టేది ఆ సూత్రంతోనే. దూదితో ఒక్క తుడుపు తుడిస్తే పాట దూదికి అంటుకుని వస్తుంది. చల్లటి నీళ్లు, ఒక చుక్క సబ్బు, మెత్తటి నూలుగుడ్డ, లేబులు తడవకుండా. నీడలో నిలబెట్టి ఆరబెట్టాలి. మిద్దె మీద ఎండలో పెట్టారో సాయంత్రానికి అప్పడమే. కారు వెనక సీట్లో వదిలెయ్యడం కూడా అంతే.

పాట ఎలా ఉంటుందంటే, గొంతు, వయొలిన్, నాదస్వరం, హార్మోనియం దగ్గర ఈ పెట్టె నిజంగా మనసు దోచుకుంటుంది. గదిలో మనిషి నిలబడి పాడుతున్నట్టే ఉంటుంది. మృదంగం ఎడమ పక్క గుమికి మాత్రం వెతుక్కోవాలి. పద్యాలకు దీన్ని మించింది లేదు. చిత్తూరు రామవిలాస సభలో నాటకాలాడి సినిమాలకు వెళ్లిన నాగయ్య గొంతు ఇందులో వింటే, అప్పటి జనం ఎందుకు పడి చచ్చారో అర్థమవుతుంది. ఫోనులో అదే పాట శుభ్రంగా వినబడుతుంది, కానీ ఈ దగ్గరితనం ఉండదు. గీత పడిన ప్లేటు మీద ముల్లు అదే గాడిలో చిక్కుకుంటే మాత్రం పాడిందే పాడరా పాచిపళ్ల దాసరీ. చెయ్యి కొద్దిగా ఎత్తి పక్క గాడిలో దించండి, వేలితో నెట్టకండి.

నాటకం సెట్లు కొనాలనుకునేవాళ్లు శ్రమ లెక్క వేసుకోండి. నాలుగు ప్లేట్ల నాటకమంటే ఎనిమిది పక్కలు, ఎనిమిది ముళ్లు, ఎనిమిదిసార్లు కీ. ఆడేది అరగంటలోపే, లేవాల్సింది ఏడుసార్లు. దీన్ని తీరిగ్గా పడుకుని వినే యంత్రం అనుకుంటే నిరాశే.

రిపేరు విషయంలో తిరుపతిలో దొరికే సాయం ఇంత: కుట్టుమిషన్లు, గడియారాలు బాగుచేసే మంచి పనివాడు గవర్నరు, నూనె, శుభ్రం వరకు చెయ్యగలడు. స్ప్రింగు, సౌండ్ బాక్సు తెలిసినవాళ్ల చేతికే వెళ్లాలి, అంటే చెన్నై ప్రయాణమే. ప్లేట్లకు కూడా సెంట్రల్ స్టేషను పక్కనున్న మూర్ మార్కెట్ ఒకసారి తిరగడం మంచిది. పెట్టెను రైల్లో తీసుకెళ్లేటప్పుడు స్ప్రింగు పూర్తిగా దించి, సౌండ్ బాక్సు విడిగా గుడ్డలో చుట్టి, చెయ్యి క్లిప్పులో బిగించండి. ఊగిన చెయ్యి మూతకు కొట్టుకుని వంగిన పెట్టెలు బోలెడు. ఇంట్లో కూడా మూత వేసేముందు స్ప్రింగు దించే అలవాటు పెట్టుకోండి.

మొత్తానికి, మూత ఉండి, చెయ్యి మీద పగులు లేక, స్ప్రింగు తెగక ఉన్న 102 దొరికితే రబ్బరు చచ్చినా, గ్రీజు ఎండినా, రెక్సిను చిరిగినా కొనొచ్చు. మెరుగు పెట్టి, రెక్సిను కొత్తగా వేసి, లోపల విప్పి చూడనిదాని కంటే ఇది మేలు. కొన్నరోజే ముళ్ల డబ్బీ కూడా తెచ్చుకోండి. డబ్బీలో 200 ఉంటాయి. రోజుకు రెండు ప్లేట్లు, రెండేసి పక్కలు వింటే యాభై రోజులకు ఖాళీ.